చికాగో నగరమున విద్యార్థి కాపురము



కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన తాతలు చెప్పుకొనెడివారు. ఆ సామెత నేడు చెల్లదు. పై చదువునకై అమెరికా పోయిన పిల్లవాడు విమానము దిగిన గంటలోనే మీ చేతిలోని ఫోనులో నవ్వుచు కనబడును. అయితే ముఖము కనబడినంత మాత్రమున స్థితి తెలియదు. ఫోనులో కనబడునవి రెండే: ఒక ముఖము, దాని వెనుక నొక గోడ. ఆ గోడ ఎవరి యింటిది, అద్దె యెంత, ఆ గదిలో నెందరు పండుకొందురు, వాడు ఆ రాత్రి యెన్ని గంటలు నిద్రించును అనునవి కనబడవు. నేను 2018వ సంవత్సరము ఆగస్టు నెలలో ఎమ్. ఎస్. చదువుటకై చికాగో నగరమునకు పోయితిని. అచట కుదురుకొనుటకు నాకును, నా తోడివారికిని పట్టిన తొలి మాసముల సంగతి మీకు మనవి చేసెదను. పిల్లలను పంపినవారికిని, పంపదలచినవారికిని అది తెలిసియుండుట మంచిదని నా తలంపు.

చికాగో యనగానే 1893లో వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత సభ మీకు జ్ఞప్తికి వచ్చును. ఆ నగరము మిచిగన్ అను సరస్సునకు పడమటి గట్టున నున్నది. సరస్సు అని పేరే గాని ఆవలి దరి కనబడదు. దాని వైశాల్యము సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, అనగా నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో మూడవ వంతుకు మించినది. అలలు వచ్చి గట్టును కొట్టుచుండును. నోట పోసికొన్నచో మాత్రము తియ్యని నీరు. నగరమంతయు ఆ నీటినే త్రాగును. పూర్వము చికాగో నది ఊరి మురుగును మోసికొనిపోయి ఆ సరస్సులోనే కలుపుచుండెను. త్రాగు నీరు చెడుచున్నదని అక్కడివారు కాలువ త్రవ్వి, 1900లో నదిని వెనుకకు మరలించిరి. నేటికిని ఆ నది సరస్సు నుండి బయటకు పారుచున్నది. కాలువల క్రింద వ్యవసాయము చేసిన మనకు ఇది యెంత పనియో వేరుగ చెప్పనక్కరలేదు.

క్రొత్తవానికి ఆ యూరు చేయు గొప్ప యుపకారము ఇండ్ల సంఖ్యలు. మన పల్లెలో రావిచెట్టు ప్రక్క యిల్లనినచో చాలును. లక్షల యిండ్లున్న చోట అట్టి గుర్తులు పనికిరావు. అచట స్టేట్ వీధియు, మాడిసన్ వీధియు కలిసికొను కూడలిని సున్నగా లెక్కించిరి. అక్కడినుండి ఉత్తరమునకు గాని పడమటికి గాని ఒక మైలు పోయినచో సంఖ్య 800 పెరుగును. ఎడ్వర్డ్ బ్రెన్నన్ అను నాతడు పట్టుపట్టి ప్రచారము చేయగా ఈ పద్ధతి 1909లో అమలునకు వచ్చెను. మా విశ్వవిద్యాలయము ప్రక్కగా పోవు హాల్‌స్టెడ్ వీధి 800 పడమర. అనగా సున్న నుండి ఒక మైలు. మన సరకులు దొరకు డెవాన్ వీధి 6400 ఉత్తరము. అనగా ఎనిమిది మైళ్ళు. సరస్సు ఎల్లప్పుడును తూర్పుననే యుండును. ఈ రెండు ముక్కలు తెలిసినవాడు చికాగోలో దారి తప్పుట కష్టము. నాకంటె ఒక సంవత్సరము ముందుగా వచ్చిన తెలుగు విద్యార్థి యొకడు మొదటి రాత్రియే కాగితముపై గీత గీసి దీనిని నాకు బోధించెను.

ఆ విద్యార్థి యింటి ముందు గదిలోనే, నేలపై, పదునొకండు రోజులు పండుకొంటిని. అద్దె యిల్లు దొరకుట అంత సులభము కాదు. అచట యజమానులు మొదట అడుగునది మన కులగోత్రములు కావు, ఋణ చరిత్ర. పూర్వము అప్పు చేసి సకాలమున తీర్చినట్లు లెక్క కనబడవలెను. ఎన్నడును అప్పు చేయనివాడు మన యూరిలో గౌరవనీయుడు. అచట అట్టివానిని నమ్మవచ్చునో లేదో తెలియదందురు. ఇంటి వద్ద పొలము తాకట్టు పెట్టించి వచ్చిన నేను, అచట అప్పెరుగని పసివాడనైతిని! చివరకు దేశమునకు మరలిపోవుచున్న విద్యార్థులు ఖాళీ చేసిన రెండు గదుల యింటిలో నలుగురము చేరితిమి. వారు అద్దె తప్పక కట్టినవారు గనుక యజమాని వారి మాటపై మమ్ము ఒప్పుకొనెను. మనవారు కట్టని ఒక్క నెల అద్దె తరువాత వచ్చు మనవారందరికి అడ్డు పడును. ఇది అచట ప్రతి విద్యార్థియు ఎరిగిన సంగతి.

సామానుల మాట. ఆ నగరములో ఇండ్ల వెనుక సందులు పెక్కు. నెలాఖరున ఇండ్లు మారువారు బల్లలు, కుర్చీలు, దీపములు ఆ సందులలో పెట్టి పోవుదురు. వానిని తెచ్చుకొనుట తప్పు కాదు. నేను చదివిన బల్ల అట్లు వచ్చినదే. పరుపు మాత్రము ఎన్నడును తేరాదు. నల్లులు మనకు మాత్రమే సొంతము కావు.

వంట వంతుల చొప్పున చేసికొంటిమి. డెవాన్ వీధికి రైలులోను, తరువాత బస్సులోను పోయి బియ్యపు మూట, కందిపప్పు, చింతపండు మోసికొని వచ్చెడివారము. ఆ వీధిలో ఒక భాగమునకు గాంధీ పేరును, మరియొక భాగమునకు జిన్నా పేరును గౌరవార్థము పెట్టియున్నారు. ఒకే తిన్నని వీధిలో, నడచి పోదగిన దూరములో! అది చూచినపుడెల్ల మా తాతగారికి చూపవలెనని తోచెడిది. మొదటి దినమున ఎండుమిరపకాయలతో తిరుగమోత పెట్టగా గది కప్పునకున్న పొగ కనిపెట్టు యంత్రము కేకలు వేయసాగెను. పై యంతస్తువారు మెట్లపైకి వచ్చి నిలిచిరి. తరువాత కిటికీ తెరచి, ఒకడు యంత్రము క్రింద తువాలు విసరుచుండగా మరియొకడు తిరుగమోత వేయుట మా యింటి ఆచారమయ్యెను.

చలిని గూర్చి మాటలతో చెప్పుట కష్టము. 2019 జనవరి 30వ తేదీన ఆ నగరమున వేడిమి సున్నకు దిగువ 23 ఫారెన్‌హీటు డిగ్రీలకు, మన లెక్కన సున్నకు దిగువ దాదాపు 31 డిగ్రీలకు పడిపోయెను. తపాలా బట్వాడా సైతము ఆపిరి. రైలు పట్టాలు విడిపోవు చోట్ల అవి బిగుసుకొనిపోకుండ వాయువుతో మంటలు వెలిగించిరి. మంచు నడుమ పట్టాల ప్రక్క మంటలు ఎగయుచుండగా రైళ్ళు నడచెను. ఇట్టి యూరిలో వెచ్చని యిల్లు సుఖము కొరకు కాదు, ప్రాణము కొరకు. అందుచే నగరపాలకులు శాసనము చేసిరి: సెప్టెంబరు 15 మొదలు జూన్ 1 వరకు, ఇంటిని వేడిచేయు యంత్రము యజమాని చేతిలో నున్న చోట, అతడు పగలు 68, రాత్రి 66 ఫారెన్‌హీటు డిగ్రీలకు తగ్గకుండ చూడవలెను. మన లెక్కన అవి 20, 19 డిగ్రీలు. మా యింటి యంత్రము డిసెంబరులో ఆగిపోయెను. యజమాని రేపు, ఎల్లుండి యనెను. మేము కోట్లు తొడుగుకొనియే రెండు రాత్రులు పండుకొంటిమి. మూడవనాడు పాత విద్యార్థి వచ్చి, 311 అను సంఖ్యకు ఫోను చేసినచో నగరపు ఉద్యోగి వచ్చునని చెప్పెను. ఆ సంఖ్య మాకు తెలిసినదని యజమానికి చెప్పినంతనే, సాయంకాలమునకు యంత్రము బాగయ్యెను. పరదేశమున మనకు దిక్కెవరని క్రొత్తవాడు ఊరకుండును. అడుగవచ్చునని తెలియుటకే కొంత కాలము పట్టును.

ఇక డబ్బు మాట. మీకు ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

విద్యార్థి వీసాపై పోయినవాడు విద్యాలయ ఆవరణలో, చదువు జరుగు దినములలో వారమునకు 20 గంటలకు మించకుండ పని చేయవచ్చును. బయట పని అనుమతి లేక చేయరాదు. నేను విద్యాలయపు భోజనశాలలో గిన్నెలు కడిగితిని. ఈ మాట విని మా మేనత్త కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు నేను చెప్పిన సంగతి మీకును చెప్పెదను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో బోస్టను నగరమునకు చదువునకై పోయినపుడు, జీవనము కొరకు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసిరి. తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునొంది, ప్రపంచమునకు మేలైన మందులు కనిపెట్టుటలో పాలుగొనిరి. ఆయన 1948లో అమెరికాలోనే మరణించిరి. మరల స్వదేశము చూడలేదు. ఇంటి వద్ద భార్య ఎదురుచూచుచునే యుండెను. ఈ రెండవ భాగము నేను మేనత్తకు చెప్పలేదు.

మా యింటి నలుగురిలో ఒకడు గుంటూరు ప్రాంతమువాడు. వాని తండ్రి బాంకు ఋణము చాలక, రెండెకరములు తాకట్టు పెట్టి ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెచ్చెను. నెలకు 20,000 రూపాయలు వడ్డీయే. బాంకులు సాధారణముగా చదువు ముగిసి కొన్ని మాసములు గడచు వరకు వాయిదా అడుగవు, వడ్డీ మాత్రము పెరుగుచుండును. ఊరి అప్పు అట్లు ఆగదు. నేను చూచినంతలో పిల్లలను తరుమునది ఈ రెండవ అప్పే.

ఈ మిత్రుడు అక్టోబరు నుండి ఊరి చివర నొక పెట్రోలు బంకులో రాత్రులు పని చేయసాగెను. జీతము లెక్కలో లేక చేతికిచ్చెడివారు. పగలు తరగతిలో కూర్చుండి నిద్రించెడివాడు. మాకు సగటున 4కు 3 మార్కులు నిలువవలెను. వానికి ఆ తరుగతి ముగియునాటికి అంతకు తక్కువ వచ్చెను. జనవరిలో బంకువాడు మూడు వారముల కూలి ఎగవేసెను. ఎవరితో చెప్పుకొనవలెను? ఆ పనియే చట్టమునకు విరుద్ధము. బయటపడినచో వీసా పోవును, చదువు పోవును, రెండెకరములు పోవును. ఆ రాత్రి వాడు భోజనము చేయలేదు. తండ్రికి చెప్పుటకు వానికి నోరు రాలేదు. వాని యనుమతితో నేనే ఫోను చేసితిని.

“బాబాయిగారూ, వాడు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదండి. బంకులో పని చేస్తున్నాడు” అంటిని.

ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, “నేనొక్కనాడైనా డబ్బు పంపమని వాణ్ణి అడిగానా, నాయనా?” అనెను.

అది నిజము. ఆయన ఒక్కనాడును అడుగలేదు. అయితే ఫోను చేసినపుడెల్ల ఎదురింటివారి పిల్లవాడు మూడవ నెలలోనే ఇంటికి డబ్బు పంపెనని, ఫలానావారు మేడ మొదలుపెట్టిరని ఊరి కబురులు చెప్పెడివాడు. ఆయన కబురులుగా చెప్పినవి, వాడు బాకీ నోటీసులుగా వినెను. ఎదురింటి పిల్లవాడు ఏ పని చేసి పంపెనో ఎవరికిని తెలియదు. ఈ సంగతి బాబాయిగారికి మెల్లగా చెప్పితిని. ఆయన కోపగింపలేదు. వారము తిరుగకముందే ఆ రెండెకరములలో అర యెకరము అమ్మి, ఊరి అప్పులో పెద్ద భాగము తీర్చివేసెను. పొలము అమ్ముట ఆ యింటిలో అదియే మొదటిసారి. కుమారునకు ఆ మాట మార్చి నెల వరకు తెలియనీయలేదు.

మిత్రుడు బంకు పని మానెను. ఫిబ్రవరిలో విద్యాలయ గ్రంథాలయమున పని దొరకెను, పుస్తకములు బీరువాలలో సర్దు పని. మార్కులు సరిచేసికొనుటకు వాని చదువు మా యందరికంటె ఒక తరుగతి ఎక్కువ పట్టెను.

పిల్లలకు ఫోను చేయు వేళలను గూర్చి యొక మాట చెప్పి ముగించెదను. వేసవిలో చికాగో మనకంటె పదిన్నర గంటలు వెనుకబడియుండును. మీకు ఉదయము ఏడు గంటలైనపుడు వారికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. భోజనము వండుకొను వేళ, మాటలకు అనుకూలము. మీరు మధ్యాహ్న భోజనము చేసి ఫోను చేసినచో వారికి నడిరేయి దాటియుండును. నవంబరు మొదటి ఆదివారమున అచట గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. మార్చి రెండవ ఆదివారమున మరల ముందునకు త్రిప్పుదురు. కావున నవంబరులో ఒకనాడు పిల్లవాని ఫోను అలవాటైన వేళకు రాక, గంట ఆలస్యముగా వచ్చును. కంగారు పడి అందరిని లేపకుడు.