డాక్టరు ముందు పెరిగే బీపీ

 

ఈ రోజు పుస్తకాలు కాసేపు పక్కన పెడదాం. బీపీ గురించి ఒక మాట చెప్పుకుందాం. బీపీ అంటే రక్తపోటు. ఈ సంగతి పోయిన ఏడాది మీకు ఒకసారి చెప్పాను. కానీ అప్పుడు సగమే చెప్పాను. ఆ సగం మాట వల్ల ఒక ఇంటికి కష్టం వచ్చింది. అందుకే ఈ రోజు మొత్తం చెబుతాను.

ముందు మా అమ్మ సంగతి చెబుతాను.

మా అమ్మ కంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయిద్దామని పట్నంలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. మూడు గంటలు వరసలో నిలబడ్డాం. పేరు పిలవగానే అమ్మ చెయ్యి చల్లబడింది. నా కొంగు గట్టిగా పట్టుకుంది. లోపలికి పోగానే చేతికి పట్టీ చుట్టారు. 172/98 వచ్చింది. "బీపీ ఎక్కువుంది. తగ్గాక రండి" అన్నారు. నెల తరవాత మళ్లీ వెళ్లాం. ఈసారి 168/96. మళ్లీ వెనక్కి పంపారు. ఇంటికొచ్చి అమ్మ ఏడ్చింది. "నా కన్ను ఇంక ఇంతేనే అమ్మాయ్" అంది.

అప్పుడు పీహెచ్‌సీ డాక్టరమ్మకు చూపించాను. ఆమె ముందు పట్టీ చుట్టలేదు. కూర్చోబెట్టి మాట్లాడింది. "ఆస్పత్రి అంటే భయమా పెద్దమ్మా?" అని అడిగింది. అమ్మ కాసేపటికి నోరు తెరిచింది. "మా ఆయన్ని ఆస్పత్రికి నడిపించుకుపోయాను తల్లీ. ప్రాణంతో తెచ్చుకోలేదు. ఆ వాసన తగిలితే చాలు, నాకు గుండె దడ" అంది. అన్నేళ్లుగా ఆ మాట నాకు కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇలా చాలామందికి ఉంటుంది. వారం రోజులు ఇంట్లో కొలిచి రాసుకురండి" అంది.

అసలు రక్తపోటు అంటే ఏమిటి? మోటారు వేస్తే నీళ్లు గొట్టం గోడల్ని తోస్తాయి కదా. అలాగే గుండె కొట్టుకుంటే రక్తం నాళాల గోడల్ని తోస్తుంది. ఆ తోపుడే రక్తపోటు. గుండె ముడుచుకున్నప్పటి తోపుడు పై అంకె. గుండె సేదతీరినప్పటి తోపుడు కింది అంకె. 120/80 అంటే మంచి బీపీ.

గట్టు మీద పాము కనిపించిందనుకోండి. మీకేమవుతుంది? గుండె దడదడలాడుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది. పాము పోయాక మళ్లీ దిగుతుంది. కొందరికి డాక్టరును చూసినా అంతే. దీన్ని 'తెల్లకోటు రక్తపోటు' అంటారు.

ఇది చదువు రానివాళ్ల పిరికితనం అనుకోకండి. 1983లో ఇటలీ దేశంలో మాన్సియా అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దీన్ని కొలిచి చూశారు. రోగుల రక్తనాళంలోనే సాధనం పెట్టి ఎడతెగకుండా కొలిచారు. డాక్టరు మంచం దగ్గరికి రాగానే పై అంకె సగటున 27 దాకా పెరిగింది. పది పదిహేను నిమిషాలకు చాలావరకు దిగింది. 1987లో వాళ్లే మరో సంగతి చెప్పారు. నర్సు కొలిస్తే ఆ పెరుగుదల దాదాపు సగమే.

ఇక మా అమ్మ సంగతికి వద్దాం. మా ఎదురింటి బాబాయి దగ్గర బీపీ మెషిను ఉంది. ఆయనకు ఆరేళ్లుగా బీపీ మాత్రలున్నాయి. మెషిను అడిగి తెచ్చుకున్నాం. అమ్మ మన కేంద్రంలోనే, మీ పక్కనే కూర్చుని అంకెలు నేర్చుకుంది. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు కొలిచాం. ప్రతిసారీ అమ్మే నోట్‌బుక్‌లో రాసింది. 128/78. 132/82. 126/80. ఏడు రోజులూ అలాగే ఉంది. ఆ నోట్‌బుక్ చూసి డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు అమ్మ బియ్యంలో రాళ్లు తనే ఏరుకుంటోంది.

పోయిన ఏడాది నేను సంబరంగా మీకు చెప్పింది ఇంతవరకే. ఇప్పుడు మిగతా సగం వినండి.

ఆ రోజు బాబాయి కూడా ఇక్కడే కూర్చుని విన్నాడు. "నాదీ భయం బీపీయే అయ్యుంటుంది. ఇంట్లో కొలిస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది" అనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. ఆయన అంకె బాగున్నది మాత్రల వల్లే అని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఆయన మెషిను మా ఇంట్లో గూట్లోనే ఉండిపోయింది. నేను తిరిగి ఇవ్వలేదు. మానేశాక ఒక్కసారి కూడా కొలుచుకోలేదు.

నాలుగు నెలలకు ఒక తెల్లవారుజామున ఆయన మూతి వంకర పోయింది. కుడి చెయ్యి పడిపోయింది. 108 వచ్చి తీసుకెళ్లింది. ప్రాణం దక్కింది. కానీ ఇప్పటికీ కుడి చేత్తో ముద్ద కలుపుకోలేడు. పిన్ని కలిపి పెడుతుంది. ఆయన ముందు నిలబడి "తప్పు నాది బాబాయ్" అన్నాను. "అందరికీ పూర్తిగా చెప్పమ్మా" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

బీపీకి నొప్పి ఉండదు. చాలామందికి ఏమీ తెలియదు. భయం బీపీనా, నిజం బీపీనా అన్నది మనసుకు తోచినట్టు తేల్చుకునేది కాదు. కొలిచి, రాసి, డాక్టరుకు చూపించి తేల్చుకోవాలి. ఆస్పత్రిలో వేరు వేరు రోజుల్లో 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే బీపీ ఎక్కువ అంటారు. ఇంట్లో అయితే సగటు 135/85 వచ్చినా ఎక్కువే. కొందరికి ఆస్పత్రిలో మామూలుగా ఉండి, ఇంటి దగ్గర ఎక్కువగా ఉంటుంది. అదీ ప్రమాదమే. భయం బీపీ అని తేలినా వదిలెయ్యకూడదు. అది కొన్నేళ్లకు నిజం బీపీ కావచ్చు. ఏటా చూపించుకోవాలి.

సరిగా కొలవడం ఎలా? గుర్తు పెట్టుకోండి.

కొలిచే ముందు అరగంట టీ, కాఫీ, చుట్ట, బీడీ వద్దు.
మూత్రానికి వెళ్లి రావాలి.
వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాలు మీద కాలు వద్దు.
చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి.
పట్టీ జాకెట్టు మీద, చొక్కా మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి.
కొలిచేటప్పుడు మాట్లాడకూడదు.
ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొలవాలి.

ఆస్పత్రిలో భయం వేస్తే సిగ్గుపడొద్దు. "భయంగా ఉంది. కాసేపు కూర్చుంటాను. మళ్లీ కొలవండి" అని అడగండి. ఇంట్లో మెషిను లేకపోతే ఊళ్లో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎమ్‌ను అడగండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఎవరూ మానొద్దు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, గుండెలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

నేను మెషిను బాబాయి ఇంటికి తిరిగి ఇచ్చేశాను. రోజూ సాయంత్రం వెళ్లి ఆయనకు కొలుస్తున్నాను. అంకెలు పిన్ని రాస్తోంది.

ఇప్పుడు పలకలు తీయండి. మధ్యలో ఒక గీత గీయండి. ఎడమ పక్క తేదీ రాయండి. కుడి పక్క బీపీ రాయండి. రేపటి నుంచి ఇంట్లో ఎవరికి బీపీ ఉంటే వాళ్ల అంకె మీరే రాయాలి. మొదట అందరం కలిసి రాద్దాం: 120/80.