మోటారుకారు బ్యాటరీ - దాని జమాఖర్చులు



నేను మోటారు మరమ్మతు చేయువాడను కాను. ముప్పదియేండ్లు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడను. బ్యాటరీ యననేమో నల్లబల్లమీద బొమ్మ గీచి యెందరకో చెప్పితిని. అయినను నా యింటిముంగిటి కారులోని బ్యాటరీని గూర్చి నాకు బొత్తిగా తెలియదని ఒకనాటి రాత్రి బయటపడెను.

ఆ రాత్రి రెండుగంటలవేళ మా మేనకోడలికి పురుటినొప్పులు మొదలయ్యెను. మే మున్నది పిఠాపురము. పోవలసిన ఆసుపత్రి కాకినాడలో. కారు ఎనిమిది దినములుగా కదలక నిలిచియున్నది. తాళము త్రిప్పితిని. టక్కుమని చిన్న చప్పుడు, అంతే. ఇరుగుపొరుగువారు లేచి వచ్చి త్రోసిరి. బండి వీధి చివరిదాక పోయెను గాని యంత్రము మేల్కొనలేదు. ఈనాటి బండ్లలో పెట్రోలు నందించు పంపునకును, యంత్రమును నడపు ఎలక్ట్రానిక్ పెట్టెకును గూడ బ్యాటరీయే ఆధారము గదా! తుదకు ఎదురింటివారి బండిలో బయలుదేరితిమి. తల్లియు బిడ్డయు క్షేమముగనే యుండిరి. కాని వీధిలో నిలిచియున్న ఆ యిరువది నిమిషములు నేను మా అక్కగారి ముఖము చూడలేకపోతిని.

మరునాడు ఒక దుకాణమువారు పాతది పనికిరాదని చెప్పి కొత్త బ్యాటరీ నమ్మిరి. తరువాత బండి అయిదు దినములు నిలిచినంతనే అదియు నట్లే పడుకొనెను. అప్పుడు మా వీధిలో విద్యుత్పని చేయు వృద్ధుడొకాయన వచ్చి చూచి, "మాస్టారూ, గాదె మారిస్తే ఏం లాభమండీ, పందికొక్కు ఇంట్లోనే ఉంటే!" అని నవ్వెను. నేటి నా ప్రసంగమునకు ఆ మాటయే మూలము.

బ్యాటరీ విద్యుత్తును దాచు గాదె. గింజ పోసినగాని గాదెలో గింజ యుండదు. 1859లో ఫ్రాన్సుదేశమున గాస్టన్ ప్లాంటే అను శాస్త్రజ్ఞుడు సీసపురేకులను గంధకికామ్లములో ముంచి యీ జాతి బ్యాటరీని కనిపెట్టెను. నేటికిని పెట్రోలు, డీజిలు కార్లలో పెక్కింటియందు ఆ సీసమును ఆ యామ్లమునే పనిచేయుచున్నవి. పెట్టెలో ఆరు అర లుండును. ఒక్కొక్క అర రెండు వోల్టులకు కొంచె మెక్కువ. వెరసి పండ్రెండు వోల్టుల పైచిలుకు. శక్తిని వాడుకొనునపుడు పలకలమీద సీసపు సల్ఫేటు పేరుకొనును, ఆమ్లము పలుచబడును. తిరిగి శక్తి నెక్కించునపుడు ఆ మార్పంతయు వెనుకకు నడచును.

గాదె కొలత పుట్లలో చెప్పినట్లు బ్యాటరీ కొలతను ఆంపియరు-గంటలలో చెప్పుదురు. చిన్న కారులో 35 ఆంపియరు-గంటల బ్యాటరీ యున్నదనుకొందము. 1.75 ఆంపియర్ల చొప్పున నిదానముగా వాడినచో అది యిరువది గంటలు వచ్చునని దాని యర్థము. తొందరగా లాగినకొలది అంత మొత్తము దక్కదు.

ఇక ఖర్చు చూతము. యంత్రమును మేల్కొల్పు స్టార్టరు 150 ఆంపియర్లదాక లాగవచ్చును. వినుటకు భయము పుట్టును. కాని అది మూడు సెకండ్ల పని. లెక్క వేసినచో ఆంపియరు-గంటలో ఎనిమిదవ వంతు మాత్రమే. మరి అయిదు వాట్ల చిన్న దీపము మాట యేమి? అది లాగునది అర ఆంపియరైనను కాదు. అయినను పదునెనిమిది నిమిషములు వెలిగినచో స్టార్టరు ఖర్చు చేసినంతయు నదియు ఖర్చు చేయును. రాత్రింబవళ్లు వెలిగినచో దినమునకు పది ఆంపియరు-గంటలు! మూడున్నర దినములకు గాదె ఖాళీ. అంతకుముందే, సగము తరిగిననాడే, స్టార్టరునకు చాలిన బలము లేకపోవచ్చును.

మా యింటి పందికొక్కు సరిగా నిట్టి దీపమే. ఆ వృద్ధుడు బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, నడుమ ఆంపియర్లు కొలచు మీటరు నుంచెను. తలుపులు మూసి, బండి నిద్రించువరకు అరగంట కాచుకొనెను. తరువాత చూడగా 0.45 ఆంపియరు. సవ్యమైన బండిలో అది 0.05 మించరాదు. ఆయన ఫ్యూజుల నొక్కొక్కటిగా తీయుచు పోయెను. ఒకటి తీయగనే ముల్లు వాలెను. అది వెనుక సామానుపెట్టెలోని దీపపు ఫ్యూజు. నాకు నమ్మకము చాలక, నా సెల్‌ఫోనును చిత్రము తీయుచుండగనే అందులో నుంచి మూత మూసితిని. తెరచి చూచుకొనగా దీపము చీకటిలో నిశ్చింతగా వెలుగుచునే యున్నది! మూత మూసినపుడు దానిని ఆర్పవలసిన మీట అరిగిపోయినది. ఆ మీట వెల బ్యాటరీ వెలలో ఇరువదవ వంతైనను లేదు.

సవ్యమైన బండికి సైతము ఖర్చు తప్పదు. గడియారము, దొంగలబారి నుండి కాపాడు గంట, తాళము నెరుగు పరికరము సదా మెలకువగా నుండును. అవి 0.05 ఆంపియరు చొప్పున లాగినచో దినమునకు 1.2, నెలకు 36 ఆంపియరు-గంటలు. అనగా ఏ దోషమును లేకుండగనే చిన్న బ్యాటరీ నెలకు ఖాళీ కావచ్చును. 2020లో లాక్‌డౌను నాళ్లలో వాకిళ్ల నిలిచిన బండ్లు లేవకపోవుటకు ఇది యొక ముఖ్యకారణము. దీనికి తోడు మనము తగిలించు కెమెరాలు, పాటలపెట్టెలు, దారి చూపు యంత్రములు తమ వాటా తాము తీసికొనును.

జమ మాట చూతము. యంత్రము నడుచుచుండగా ఆల్టర్నేటరు 14 వోల్టులకు అటునిటుగా విద్యుత్తు నిచ్చి గాదె నింపును. కాని బ్యాటరీ నిండుచున్నకొలది పుచ్చుకొను వేగము తగ్గును. సగము ఖాళీయైన బ్యాటరీ బజారుదాక పోయి వచ్చు పది నిమిషములలో నిండదు. ఇంటిముందు బండి నిలిపి యంత్రమును మెల్లగా త్రిప్పినను లాభము స్వల్పము. బొత్తిగా తరిగినపుడు బయటి చార్జరు పెట్టి, కొలతలో పదవ వంతు చొప్పున, అనగా మూడున్నర ఆంపియర్లతో, ఒక రాత్రియంతయు ఎక్కించుట మేలు. ఖాళీగా నుంచినచో ఆ సీసపు సల్ఫేటు గట్టి పలుకులై బిగిసి, మరల కరగక, గాదె కొలతయే తగ్గిపోవును. ఖాళీ కడుపుతో వారములు గడిపిన బ్యాటరీ మునుపటిది కాదు.

మన దేశమునకు మరియొక శత్రువు ఎండ. చలిదేశములలో చలి స్టార్టరు బలమును తగ్గించును. మన వేసవి బ్యాటరీ యాయువునే హరించును. వేడి పది డిగ్రీలు పెరిగినచో ఆయువు సుమారు సగమగునని నిపుణుల లెక్క. కావున నీడను బండి నిలుపుడు. మూత లున్న బ్యాటరీలో నీరు తగ్గినచో శుద్ధిచేసిన బట్టీనీరు మాత్రమే పోయుడు. కుళాయినీరు వలదు, ఆమ్లము వలదు. చార్జి చేయునపుడు ఉదజని వాయువు వెలువడును; అది నిప్పు తగిలిన ప్రేలును. దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. తీగలు విప్పునపుడు ఋణధ్రువము మొదట, బిగించునపుడు తుదకు.

చిన్న వోల్టుమీటరు నొకటి ఇంట నుంచుకొనుడు. బండి కొన్ని గంటలు నిలిచిన పిదప 12.6 చూపినచో గాదె నిండియున్నది, 12.2 అన్న సగము. 12కు దిగువ నున్న, ఆ రాత్రి దానిని నమ్మవలదు. కొత్త బ్యాటరీ కొనుటకు ముందు జమ యెంత, ఖర్చెంత, చిల్లెక్కడ అని యడుగుడు.

ఆనాడు పుట్టిన పిల్లవాడు ఇపుడు గోడ పట్టుకొని నడచుచున్నాడు. నేను వారమునకొకమారు, పనియున్నను లేకున్నను, వానిని చూచుటకు కాకినాడ పోయి వచ్చుచున్నాను. మా అక్కగారు అది మనుమనిమీది ప్రేమ యనుకొనుచున్నారు. సగము బ్యాటరీ కొరకని నే నింతవరకు చెప్పలేదు.