బిస్మిల్లా తరువాత పిల్ల ఎక్కడికి పోవాలె?
(సొసైటీ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)

ఆహ్వాన పత్రికలో మాకు ఇచ్చిన విషయం "ప్రాథమిక విద్య" అని అచ్చయినది. మేము మాత్రం ప్రాథమిక విద్యకు ముందున్న మూడేండ్ల గురించి మాట్లాడదలచినాము. పెద్దలు అనుమతించగలరని ఆశ.

ఉర్దూ మీడియంలో ఒకటవ జమాతు చెప్పే మా వంటి టీచర్లకు జూన్ నెల రాగానే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లల్లో కొందరు ఎక్కడో నర్సరీ చూసి వచ్చినవారు. వారికి వరుసలో కూర్చోవటం, పలక పట్టటం, నోరు తెరిచి అడగటం తెలుసు. మిగిలినవారు ఇంటి గడప దాటి ఎరుగరు. అలిఫ్, బే సంగతి అటుంచండి, బలపం పట్టి అడ్డగీత గీయటానికే వారికి నెలలు పడుతుంది. అంతలో ఖాయిదా సగం ముందుకు పోతుంది. వెనుకబడిన పిల్ల మూడవ జమాతు దాకా వెనుకనే నడుస్తుంది, అయిదవదానిలో బడి మానుతుంది. తెలివిలో వీరికీ వారికీ తేడా ఏమీ లేదు. అంతకు ముందు మూడేండ్లు ఎక్కడ గడిపినారన్నదే తేడా.

మన ఇండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఆచారం ఉన్నది. కొత్త బట్టలు తొడుగుతాము, మిఠాయి పంచుతాము. చదువు మొదలు కావలసిన వయస్సు మన పెద్దలకు బాగా తెలుసునన్నమాట. మరి మరునాడు ఆ పిల్ల ఎక్కడికి పోవాలె? సర్కారు బడిలో ఒకటవ తరగతికి ఇంకా వయస్సు రాదు. ప్రైవేటు నర్సరీ ఫీజు ఆటో నడిపేవారికీ, సెంట్రింగు పనివారికీ, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే అమ్మలకూ అందేది కాదు. మధ్యలో ఎక్కువ మందికి ఉన్నది అంగన్‌వాడీ.

ఈ పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తంలో 33 ప్రాజెక్టులతో మొదలైనది. ఇప్పుడు సుమారు 14 లక్షల కేంద్రాలు. మన తెలంగాణలో 149 ప్రాజెక్టుల కింద 35,700. తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్దాసుపత్రికి పంపటం, తల్లులకు సలహా, మూడు నుండి ఆరేండ్ల వారికి బడికి ముందు చదువు, ఈ ఆరూ దాని పనులు. జనం నోట మాత్రం అది "గుడ్లు పంచే చోటు". ఆ పేరు ఊరికే రాలేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుండి ఆరేండ్ల దాకా ప్రతి పిల్లకూ ఉచితంగా తిండి పెట్టటం సర్కారు విధి, పెట్టకుంటే అడిగే హక్కు మనకున్నది. చదువుకు అటువంటి హక్కు లేదు. 2002లో సవరించిన రాజ్యాంగం 45వ అధికరణం ఆరేండ్ల లోపు చదువుకు రాజ్యం "ప్రయత్నించవలెను" అన్నది. 2009 విద్యాహక్కు చట్టం ఆరేండ్ల నుండి పద్నాలుగు వరకు హక్కు ఇచ్చి, అంతకు చిన్నవారికి సర్కారు ఏర్పాట్లు "చేయవచ్చును" అని ఊరుకున్నది. అంటే గుడ్డు హక్కు, అక్షరం దయ. అంగన్‌వాడీలో చదువు సన్నగిలటానికి మా లెక్కలో మొదటి కారణం ఇదే. టీచరమ్మను తప్పుబట్టి లాభం లేదు.

ఇక డబ్బు సంగతి. పిల్లల తిండికి కేంద్రం సగం, రాష్ట్రం సగం. మిగిలిన ఖర్చులకు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. 2017లో కేంద్రం ఖరారు చేసిన లెక్క పిల్లకు రోజుకు 8 రూపాయలు. నిజాంపేట చౌరస్తాలో దానికి ఒక కప్పు చాయ్ కూడా రాదు. 2025-26 కేంద్ర బడ్జెటులో ఈ పద్దు 21,960 కోట్లు. వినటానికి చాలా పెద్ద మొత్తం. పథకం కిందికి వచ్చే పిల్లలు 8 కోట్ల మంది అని ఆ బడ్జెటు ప్రసంగంలోనే చెప్పినారు. బాలింతలనూ గర్భిణులనూ పక్కన పెట్టి మొత్తం పిల్లల మీదే ఖర్చు పెట్టినారనుకున్నా, తలకు ఏడాదికి 2,745 రూపాయలు. రాష్ట్రం వాటా దీనికి కలుస్తుంది, నిజమే. మన రాష్ట్రం 2015 నుండి గర్భిణులకూ బాలింతలకూ ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇస్తూ వచ్చింది. మూడేండ్ల లోపు వారికి బాలామృతం ప్యాకెట్లు ఇస్తుంది. టీచర్ల గౌరవ వేతనానికి కేంద్రం 2018 నుండి లెక్కగట్టినది నెలకు 4,500 కాగా, తెలంగాణ 2021లో దానిని 13,650 చేసినది. ఇంత చేసినా అదే టీచరు సరుకు లెక్క రాయాలె, పిల్లలను తూకం వేయాలె, ఫోనులో వివరాలు ఎక్కించాలె, సర్వేలకు తిరగాలె. చదువు చెప్పే గంట ఎప్పుడు? తమిళనాడులో 640 అంగన్‌వాడీల మీద పరిశోధన చేసి, కొన్ని చోట్ల చదువు కోసమే సగం పూట మనిషిని ఒకరిని అదనంగా పెట్టి చూసినారు. చదువు చెప్పే సమయం రెట్టింపైనది, పిల్లల నేర్పు పెరిగినది, పోషణలో కూడా మెరుగు కనబడ్డది. బోర్డులకు రంగులు వేసే డబ్బు ఈ సగం పూట మనిషికి పెడితే మేలని మా అభిప్రాయం.

మన నిజాంపేట చిక్కు వేరు. 2019 దాకా పంచాయతీ. ఆ సంవత్సరం బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి నగరపాలక సంస్థ చేసినారు. 2025 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాదులో కలిపినారు. ఇన్నిసార్లు పేరు మారిన చోట దస్త్రం ఎవరి బల్ల మీద ఉన్నదో వెదకటమే పని అవుతుంది. పైగా అంగన్‌వాడీ లెక్క జనాభా లెక్క. 400 నుండి 800 మందికి ఒక కేంద్రం అన్నది సూత్రం. 2011 జనాభా లెక్క నాటి నిజాంపేట ఎక్కడ, ఈ నిజాంపేట ఎక్కడ? హైటెక్ సిటీకి పోయే ఉద్యోగుల కోసం అంతస్తులు లేచినవి, వాటిని లేపినవారు ఆ వెనుక గల్లీల్లో ఒక్కొక్క గది తీసుకొని ఉంటున్నారు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి ఆడకూలీలున్న చోట వారి పిల్లలకు గది ఉండాలని రాసింది. తరువాత వచ్చిన కోడ్‌లు కూడా శిశుగృహం మాట విడిచిపెట్టలేదు. ఇసుక కుప్ప మీద ఆడుకునే పిల్లలను చూస్తే ఆ రాత ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది.

అద్దె మరొక అడ్డంకి. కేంద్రం లెక్కలో మహానగరానికే నెలకు 6,000 రూపాయలు. ఆ డబ్బుకు ఇక్కడ ముప్పై మంది పిల్లలు కూర్చునే గాలి వెలుతురు గల గది, నీళ్లు, మరుగుదొడ్డితో ఎవరిస్తారు?

అయినా అడిగే దారి ఉన్నది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు, ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లెవారు గాని మురికివాడ వారు గాని అడిగితే మూడు నెలల లోపల కేంద్రం ఇవ్వాలని ఆదేశించినది. ఇక్కడ ఒక మెలిక గమనించండి. మన గల్లీలు ఇప్పుడు పల్లె కాదు. మురికివాడల జాబితాలో ఉన్నవో లేవో ముందు చూసుకోవాలె. అదే 2006లో వచ్చిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి సూత్రమే ఇది: అంగన్‌వాడీలలో కొంత వంతు మైనారిటీలు ఎక్కువగా ఉన్న చోట పెట్టవలెనని. స్కాలర్‌షిప్పు గురించి మనం ఏటా మాట్లాడుకుంటాము, ఈ సూత్రం గురించి ఈ వేదిక మీద ఎన్నడూ వినలేదు.

భాష సంగతి ఒకటి. మూడేండ్ల పిల్ల దాహమైందని ఉర్దూలో చెప్తే అర్థం చేసుకునే మనిషి అక్కడ ఉండాలె. 2013 జాతీయ విధానమూ, 2020 విద్యావిధానమూ చిన్నతనంలో ఇంటిభాషనే చెప్పినవి. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది. కావున ఉర్దూ తెలిసిన టీచరునో ఆయానో అడగటంలో మొహమాటం అక్కరలేదు. తెలుగు కూడా అక్కడే ఆటపాటల్లో వస్తుంది, రావాలె కూడా. పక్కింటి తెలుగు పిల్లలు, బీహారు నుండి వచ్చిన కూలీల పిల్లలు అదే గదిలో కూర్చుంటారు. మన దరఖాస్తులో వారి పేర్లు కూడా ఉండాలని మా మనవి. 40 లెక్క అప్పుడు తొందరగా నిండుతుంది.

కొందరు పెద్దలు, సర్కారు పనికి మన హాలు ఎందుకు ఇవ్వాలె అన్నారు. హాలు పొద్దున తొమ్మిది నుండి ఒంటిగంట దాకా తాళం వేసి ఉంటున్నది. పెండ్లిళ్లన్నీ రాత్రిపూట. సొసైటీ అద్దె లేకుండా ఆ నాలుగు గంటలు ఇస్తామని కాగితం మీద రాసి దరఖాస్తుకు జతపరిస్తే, "జాగా లేదు" అనే జవాబు అధికారుల వద్ద మిగలదు.

గల్లీవారీగా పిల్లల పేరు, వయస్సు, ఇంటి భాష రాసుకునే పత్రాలు మా టీచర్లం తయారు చేసి తెచ్చినాము, ద్వారం పక్క బల్ల మీద ఉన్నవి. వచ్చే రెండు ఆదివారాలు మేము ఇంటింటికి తిరుగుతాము. ఆడవారున్న ఇండ్లకు పోవటానికి ప్రతి గల్లీ నుండి ఒక ఖాలా మాతో రావాలె. పేర్లు ఈ సభ ముగియగానే ఇవ్వండి.