కత్తి పిడి – గుడ్డ పొరలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి పండుగనాడు సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయ సేవను గూర్చియో మాటాడుట ఆచారము. కాని కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు, "మాష్టారూ, మీరు చేతిపని గురించే చెప్పండి. మన చందాదారుల్లో పొద్దున్నే కత్తి పట్టేవాళ్ళే ఎక్కువ" అనిరి. ఆ మాట నాకు నచ్చినది. కావున నేడు కత్తి పిడిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. పాత గుడ్డను పొరలు పొరలుగా పేర్చి, రెజిన్ అను జిగురుతో తడిపి, బిగించి, దానితో పిడి చేసికొనుట యెట్లో చెప్పెదను. ఆ పనిలో నేను చేసిన తప్పును, దానివలన ఒకరికి కలిగిన బాధను కూడ దాచక చెప్పెదను.

కత్తి కొనువాడు అలుగు చూచును, వాదర చూచును, బరువు చూచును. పిడిని చూచువారు తక్కువ. కాని దినమంతయు చేయి తాకియుండునది పిడినే గదా! వానకాలమున కర్రపిడి నీరు పీల్చి ఉబ్బును. ఎండకాలమున ఎండి కుంచించుకొనును. లోపలి ఇనుము అట్లు మారదు. ఏటేట ఇట్లు జరుగగా పిడి వదులై, తుదకు పగులును. ఇందుకే మన కమ్మరులు పిడి మొదట పొన్ను బిగింతురు. రంధ్రములో లక్క కరిగించి పోయుదురు.

ఆ లక్కయు ఒక రెజినే. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు దానిని తయారుచేయును. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రమీద నిగనిగ నిచ్చునది అదియే. వేడికి మెత్తబడుట, చల్లారిన గట్టిపడుట దాని స్వభావము. అందుచేత లక్కతో బిగించిన పిడిని పొయ్యి దగ్గర మరచినచో కత్తి ఊడివచ్చును. ఒకసారి గట్టిపడిన పిమ్మట మరల వేడికి కరగని రెజిన్ కావలెనని శాస్త్రజ్ఞులు వెదకిరి. బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో అట్టిదానిని సాధించెను. అదియే బేకలైట్. తరువాత 1910 ప్రాంతమున అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థవారు కాగితమును, గుడ్డను అట్టి రెజిన్‌తో తడిపి, పొరలుగా పేర్చి, వేడిచేసి నొక్కి ఒక గట్టి పలకను చేసిరి. దానికి మైకార్టా అని పేరు. విద్యుత్ యంత్రములలో విద్యుత్తు దాటకుండ అడ్డు పెట్టుటకు దానిని వాడిరి. ఆ సంస్థలో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు బయటకు వచ్చి 1913లో స్థాపించినదే ఫార్మికా కంపెనీ. ఆంగ్లమున ఆ పేరునకు 'అభ్రకమునకు బదులు' అని అర్థము. విద్యుత్ యంత్రములలో అంతవరకు అభ్రకము చేయుచుండిన పనిని ఈ పొరల పలక చేయసాగెను. మన గూడూరు ప్రాంతపు గనుల అభ్రకమును ఎరిగినవారికి ఈ పేరు వింతగా తోచక మానదు. ఆ పొరల పలకయే కాలక్రమమున కత్తి పిడులలోనికి వచ్చినది.

ఈ పొరలలోని బలమునకు కారణమేమి? నూలుపోగు లాగుడునకు ఓర్చును, కాని తనంతట నిలువదు. రెజిన్ గట్టిగా నిలుచును, కాని పెళుసు. రెండును ఏకమైనప్పుడు ఒకదాని లోపమును ఒకటి కప్పును. ఈ ఉపాయము మన ఇండ్లకు కొత్తది కాదు. పాత చీరలు పొరలుగా వేసి బొంత కుట్టిన తల్లులు, పాత కాగితములను నానబెట్టి మెంతులతో రుబ్బి గంపలు చేసిన అవ్వలు ఈ సంగతి ఎరిగినవారే.

ఇక నా కథ. మా వీధిలో కొబ్బరిబొండములు అమ్ముకొను ఒక సోదరుడున్నాడు. అతని కత్తి పిడి పగిలి, గుడ్డపీలికలు చుట్టుకొని పనిచేయుచుండెను. నేను ఉద్యోగవిరమణ చేసి ఖాళీగా ఉన్న రోజులవి. ఫోనులో ఎవరో గోనెగుడ్డతో పిడి చేయుట చూచితిని. చూచుటకు చక్కగానున్నది. ఆరు నిమిషములలో పని ముగిసినది! మరునాడే గోనెసంచి ఉతికి, ముక్కలు కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి, పైనుండి రెజిన్ పోసి బిగించితిని. గట్టిపరచు ద్రవమును, అనగా హార్డెనరును, కొలువక కంటి అంచనాతో కలిపితిని. మరునాటికి పలక గట్టిపడినది. పిడి చేసి, మెరుగుపెట్టి అతనికిచ్చితిని. అతడు సంతోషించెను, నేను గర్వించితిని.

మూడు వారములకు, ఒక బొండముపై వ్రేటు వేయుచుండగా, పిడి పొరలు విడిపోయినవి. కత్తి చేతిలో తిరిగి ఎడమచేతి బొటనవ్రేలి మొదలు తెగినది. ఐదు కుట్లు పడినవి. పది దినములు బండి నిలిచిపోయినది. ఆనాటి సంపాదన ఆనాటికే సరిపోవు ఇల్లది. నేను వెళ్ళి తలవంచుకొని కూర్చుంటిని. అతడు నన్ను ఒక్క మాట అనలేదు. విరిగిన పిడిని నా చేతిలో పెట్టి, "పైకి బాగానే ఉందండి మాష్టారూ. లోపలే తడవలేదండి" అనెను.

నిజమే. పై రెండు మూడు పొరలు అద్దమువలె ఉన్నవి. నడుమ పోగులు తెల్లగా, పొడిగా, సంచిలో ఉన్నట్లే ఉన్నవి. ఆ సాయంకాలము ఈ గ్రంథాలయమునకు వచ్చి, మూల బీరువాలోని పాత సాంకేతిక పాఠ్యపుస్తకములు తీసి కూర్చుంటిని. ఫోను చూపని సంగతులు అందు దొరకినవి. నా తప్పులు మూడు. పొర పొరను విడిగా తడుపలేదు. హార్డెనరును కొలువలేదు. ముసురు రోజులలో గోనె పూర్తిగా ఎండలేదు. ఎట్లు చేయవలయునో ఇప్పుడు చెప్పెదను.

గుడ్డ: నూలు, గోనె, పాత జీన్సు గుడ్డ మంచివి, రెజిన్‌ను చక్కగా పీల్చును. పాలియెస్టర్ గుడ్డ అంతగా పీల్చదు. గంజి, నూనె పోవునట్లు ఉతికి, మండుటెండలో రెండు దినములు ఆరవేయవలెను. ముసురులో ఈ పని పెట్టుకొనరాదు. 16 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పుగల ముక్కలు కోయుడు. జీన్సు గుడ్డ అయినచో 15 పొరల వరకు పట్టును. పలుచని నూలుగుడ్డ అయినచో అంతకు రెట్టింపు దాటును. ముందు పొడిగా పేర్చి, గట్టిగా నొక్కి చూచి, 8 మిల్లీమీటర్ల మందము వచ్చునట్లు లెక్క సరిచూచుకొనవలెను. ఇట్టి ఒక పలకను నిలువుగా కోసినచో పిడికి రెండు ప్రక్కల చెక్కలు వచ్చును.

జిగురు: కర్మాగారములలోని బేకలైట్ జాతి రెజిన్‌కు వేడియు, పెద్ద ఒత్తిడియు కావలెను. దానిని ఇంట ముట్టరాదు. ఇంటికి తగినది ఎపాక్సీ రెజిన్. ఇది హార్డెనరుతో కలిసిన పిమ్మట మామూలు వేడిలోనే గట్టిపడును. పై కొలతగల పలకకు సుమారు 100 గ్రాములు సరిపోవును. రెండింటి పాళ్ళు డబ్బామీద ఉండును. ఒక రకమునకు రెండుకు ఒకటి, మరొక రకమునకు పదికి ఒకటి. అవి బరువు పాళ్ళో, కొలపాత్ర పాళ్ళో కూడ చదివి తెలిసికొనుడు. హార్డెనరు ఎక్కువ పోసిన త్వరగా, గట్టిగా పట్టునన్నది భ్రమ. పాళ్ళు తప్పిన రెజిన్ ఏనాటికిని సరిగా గట్టిపడదు. చిన్న త్రాసుతో తూచి, మూడు నిమిషములు అడుగు, అంచులు గీకుచు కలుపవలెను. కలిపినదంతయు ఒకే గిన్నెలో ఉంచినచో తనంతట వేడెక్కి పొగలు రావచ్చును. వెంటనే వెడల్పు పళ్ళెములో పరచుడు.

పేర్చుట: ఒక చెక్కపై పాలిథీన్ కాగితము పరచుడు, రెజిన్ దానికి అంటుకొనదు. ఒక్కొక్క ముక్కను రెజిన్‌లో ముంచి, రెండు ప్రక్కల పిండి, రంగు అంతట ఒకే తీరున ముదిరినదో లేదో చూచి, అప్పుడు పేర్చవలెను. తెల్లని మచ్చ కనబడిన ముక్కను మరల ముంచవలెను. ఇదియే ఈ పనికి ప్రాణము. అన్నియు పేర్చిన పిదప పైన పాలిథీను, దానిపై రెండవ చెక్క పెట్టి, నాలుగు మూలల క్లాంపులు కొద్దికొద్దిగా, సమానముగా బిగింపుడు. చెక్కల నడుమ అంచులందు 8 మిల్లీమీటర్ల కర్రముక్కలు ఉంచినచో మందము ఒకే తీరున వచ్చును. అంచులవెంట రెజిన్ ముత్యములవలె ఊరి వచ్చిన చాలును. ఒక పగలు, ఒక రాత్రి కదలింపరాదు. పూర్తి బలము వచ్చుటకు వారము దినములు ఓపిక పట్టవలెను.

పరీక్ష: నేను నాడు చేయనిది ఇదియే. పలక చివర ఒక వ్రేలెడు ముక్క కోసి, కోసిన ముఖమును చూడుడు. తెల్లని పోగు కనబడరాదు. పొరల నడుమ ఉలి పెట్టి సుత్తితో కొట్టుడు. పొర శుభ్రముగా విడివడినచో పలకను పారవేయుడు. పోగులు చిరిగి, ముక్క గరుకుగా విరిగినచో అది పిడికి తగినది.

అమర్చుట: ముందుగా వాదరకు మందముగా గుడ్డ చుట్టి కట్టుడు. పిడిలోనికి వచ్చు ఇనుపతోక వెడల్పుగానుండి, దానికి రంధ్రములుండవలెను. ఆ రంధ్రములనే ఆనవాలుగా పెట్టుకొని చెక్కలకు బరమాతో రంధ్రములు వేయుడు. అలుగువైపునకు వచ్చు చెక్కల అంచులను అంటింపకముందే నునుపు చేయవలెను. తరువాత ఆకురాయి అచటికి చేరదు. ఇనుమును, చెక్కల లోపలి ముఖములను గరుకు చేసి, స్పిరిటుతో తుడిచి, ఎపాక్సీ పూసి, ఇత్తడి సీలలు దూర్చి బిగింపుడు. మితిమీరి బిగించినచో జిగురంతయు బయటకు పోవును. మరునాడు ఆకురాయితో ఆకారము తెచ్చి, 80, 120, 220, 400 నంబర్ల గరుకుకాగితములతో వరుసగా నునుపు చేయవలెను. పిడిని వాడువాని పిడికిటిలో పెట్టి చూచుచు అరుగదీయుడు. ఎవరి చేయి వారిది. మరీ అద్దమువలె నునుపు చేయకుడు, తడిచేతిలో జారును.

ఇక జాగ్రత్తలు. ఎపాక్సీ చర్మమునకు తగులరాదు. కొందరికి దద్దుర్లు పుట్టి, అటుపిమ్మట జీవితాంతము అది సరిపడదు. నైట్రైల్ చేతితొడుగులు వేసికొనుడు. తగిలినచో సబ్బుతో కడుగుడు, థిన్నరుతో తుడువరాదు. అరుగదీయునప్పుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. ఎన్-95 మాస్కు ధరించి, నీటితో తడిపి అరుగదీయుడు. చౌక అని పాలియెస్టర్ రెజిన్ కొనువారు మరింత జాగ్రత్త వహింపవలెను. దాని గట్టిపరచు ద్రవము కంటిలో పడిన చూపు పోవచ్చును. దానితో కూడ ఇచ్చు కోబాల్టు ద్రవమును, ఆ గట్టిపరచు ద్రవమును నేరుగా ఒకదానితో ఒకటి కలిపినచో ప్రేలును. పిల్లలను దగ్గరకు రానీయకుడు. మిగిలిన ముక్కలను పొయ్యిలో వేయకుడు. ఈ పిడికి నీటి భయము లేదు గాని నిప్పు భయము కలదు. సాధారణ ఎపాక్సీ 60 డిగ్రీల ప్రాంతమున మెత్తబడనారంభించును. పొయ్యి గట్టు మీద ఉంచరాదు.

సోదరులారా! గాయము మానిన పిమ్మట ఆ బొండముల సోదరునికి ఈ తీరున రెండవ పిడి చేసితిని. ఇచ్చుటకు నాకు ధైర్యము చాలలేదు. పరీక్షించిన ముక్కను అతని ముందుంచి, ఉలియు సుత్తియు అతని చేతికే ఇచ్చితిని. నాలుగు దెబ్బలు కొట్టి చూచి, "ఇది తడిసిందండి" అని పిడి తీసికొనెను. ఇప్పటికి నాలుగు వానకాలములు గడచినవి. ఆ పిడి కదలలేదు.

నేడు నేను గ్రంథాలయమునకు ఒక చిన్న కానుక తెచ్చితిని. ఇది పుస్తకము కాదు. నాడు విరిగిన పిడి. ప్రక్కన, మంచి పలకనుండి కోసిన ముక్క. రెండింటిని ఒక పెట్టెలో పెట్టి, సాంకేతిక పుస్తకములున్న ఆ మూల బీరువాలో ఉంచవలసినదిగా కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. మన పిల్లలు ఫోనులో చూచి పని నేర్చుకొనుట తప్పని నేననను. నేనును అట్లే మొదలుపెట్టితిని. కాని చేసిన వస్తువును మరొకరి చేతికి ఇచ్చుటకు ముందు ఈ బీరువా దగ్గరకు ఒకసారి వచ్చి, విరిగిన ముక్కను చేతిలోనికి తీసికొని, ఆ తెల్లని పోగులను చూడవలెనని నా కోరిక. అవి చూచినవాడు ఆరు నిమిషములలో పని ముగింపడు.