భుజం నొప్పి – నా ఎనిమిది నెలల లెక్క

(సోలాపూర్‌లో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక సరస్వతీదేవి పటానికి దండ వేయమని నన్ను పిలిచినప్పుడు, నేను ఒక కొస మాత్రం పట్టుకుని రెండో కొసను పక్కనున్న అమ్మాయి చేత వేయించడం మీరు చూసే ఉంటారు. ముందు వరుసలో ఒకరిద్దరు ‘ఇదేం పద్ధతి’ అన్నట్టు చూశారు కూడా. పద్ధతి తెలియక చేసిన పని కాదండీ. నా కుడి చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవదు. ఎందుకు లేవదో చెప్పడమే ఈ రోజు నా ప్రసంగం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి చెప్పడానికి నాకంటే పెద్దలు వేదిక మీద ఉన్నారు. నేను బి.కాం. చదివి 36 ఏళ్లు బ్యాంకులో గుమాస్తాగా పని చేసినవాణ్ణి. డాక్టర్ని కాను. కానీ నా పొరపాటుకు లెక్క రాసి పెట్టుకున్నాను కాబట్టి, ఆ లెక్క మీ ముందు ఉంచుతాను.

రిటైరైన మూడో ఏడు, దసరాకు ముందు ఇల్లు దులుపుతున్నాం. స్టూలెక్కి అటక మీది ఇనుప ట్రంకు పెట్టె దించబోయాను. పెట్టె జారింది. పడిపోకుండా కుడి చేత్తో ఒడిసి పట్టాను. భుజంలో ఏదో టప్పుమని తెగినట్టయింది. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారి చెయ్యి పక్కకు ఎత్తబోతే జానెడు కూడా లేవలేదు. ‘కండ పట్టేసింది, నాలుగు రోజులైతే అదే పోతుంది’ అనుకున్నాను.

బామ్ రాశాను. వేడి కాపడం పెట్టాను. మూడో వారానికి నొప్పి సగం తగ్గింది. చెయ్యి మాత్రం లేవలేదు. ఇక్కడే నేను తప్పు లెక్క వేశాను. నొప్పి తగ్గడాన్ని జమలో రాసుకున్నాను గానీ, చెయ్యి లేవకపోవడాన్ని అసలు పుస్తకంలోనే ఎక్కించలేదు. పక్క ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్తే ఆయన చెయ్యి గుంజి, పసరు రాసి, పదిహేను రోజులు కదపొద్దని కట్టాడు. అలా రెండు కట్లు. ఆ తర్వాత మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు రెండు నెలలు మింగితే కడుపులో మంట మొదలైంది. చివరికి మా ఆవిడ ఒక రోజు, “గీ చెయ్యి లేస్తలేదని ఇంకెన్ని రోజులు దాస్తరు? దువ్వెన సుత ఎడమ చేత్తోనే పట్టుకుంటున్నరు” అని గట్టిగా అడిగింది. అప్పుడు గానీ ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. అప్పటికి ఎనిమిది నెలలు.

ఎం.ఆర్.ఐ. తీశారు. డాక్టరు గారు ఫిల్ము దీపానికి ఆనించి చూపించారు. తెగిన కండరం కొస ఎముక నుంచి లోపలికి ముడుచుకుపోయింది. పని లేక కండ సన్నబడి, దాని స్థానంలో కొవ్వు చేరింది. “మొదటి వారాల్లో వచ్చి ఉంటే కుట్టేవాణ్ణి. ఇప్పుడు అంచు పోగులు ఊడిపోయిన బట్టకు కుట్టు వేసినట్టు ఉంటుంది, ఆగదు” అన్నారు. నేత కుటుంబంలో పుట్టినవాణ్ణి, నాకు అంతకంటే వివరం అక్కర్లేకపోయింది. కొవ్వుగా మారిన కండ మళ్లీ వెనకటి కండ కాదట.

ఇంతకీ తెగింది ఏమిటి? భుజం కీలు తుంటి కీలులా లోతైన గిన్నె కాదు. సాసరు మీద పెద్ద నిమ్మకాయ పెట్టినట్టు, చేతి ఎముక గుండ్రటి తల ఒక చిన్న, లోతు లేని పళ్లెం మీద ఆని ఉంటుంది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. అందుకే సులువుగా చెడుతుంది కూడా. ఆ నిమ్మకాయ జారిపోకుండా పట్టి ఉంచేవి నాలుగు కండరాలు. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాప్యులారిస్. పేర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు, పరీక్షలో రావు. ఇవన్నీ వీపు మీది రెక్క ఎముక నుంచి బయలుదేరి, వాటి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీలు, ఎముక తల చుట్టూ చొక్కా కఫ్ లాగా చుట్టుకుంటాయి. అందుకే ఇంగ్లీషులో రొటేటర్ కఫ్ అన్నారు. పైనున్న సుప్రాస్పైనేటస్ ఒక ఎముక కప్పు కింది నుంచి ఇరుకులో పోతుంది. ఎక్కువగా చిరిగేది అదే. ఈ చిరుగును ఆపరేషన్ చేసి కుట్టిన సంగతిని 1911లోనే బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ ప్రచురించారు. అంటే ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. మనం కొత్తగా వింటున్నాం, అంతే.

చిరుగు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి నాకు వచ్చినట్టు ఒక్క దెబ్బతో. బండి మీది నుంచి చెయ్యి ఆన్చి పడటం, జారిపోయే బరువును పట్టుకోవడం. రెండోది ఏళ్ల తరబడి అరగడం. సాంచాల మీద బీములు ఎత్తి ఎత్తి, గోడలకు సున్నం కొట్టి కొట్టి, నలభై దాటాక మెల్లగా పోగులు పోతాయి. ఈ రెండోదాని గురించి భయపడాల్సింది తక్కువ. 1995లో అమెరికాలో భుజం నొప్పి ఏమీ లేని 96 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, 60 దాటిన వారిలో సగానికి పైగా మందికి ఎంతో కొంత చిరుగు కనిపించింది. నొప్పి లేదు, పనులు చేసుకుంటున్నారు, అయినా లోపల చిరుగు ఉంది. కాబట్టి స్కానింగ్ కాగితం మీద ‘టేర్’ అన్న మాట చూసి ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన చేయకండి. కాగితం కంటే చెయ్యి ఏం చేయగలుగుతోందో ముఖ్యం.

పిల్లలూ, ఇక్కడ మీ అందరినీ ఒక మాట అడుగుతాను. మీ నాయిన రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటారో మీకు తెలుసా? మీ అమ్మ జడ వేసుకునేటప్పుడు చెయ్యి పైకెత్తి మధ్యలో ఆగుతోందా? నేను బ్యాంకు కౌంటర్లో చూసేవాణ్ణి. కూతురి ఫీజు డ్రాఫ్టు కోసం డబ్బు లెక్కపెట్టే తండ్రి ఒక చేత్తో ఇంకో భుజం నొక్కుకుంటూ నిలబడేవాడు. అడిగితే ‘ఏం లేదు సార్’ అనేవాడు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్లు మనవి. రెక్క నొప్పి అంటే పనికి నాగా, డాక్టరుకు ఫీజు. ఆ రెండూ కాలేజీ ఫీజులోంచే పోతాయని వాళ్లకు తెలుసు. అందుకే చెప్పరు.

కాబట్టి మీరే చూడండి. ఈ జబ్బులో నొప్పి భుజం శిఖరం మీద కాదు, జబ్బ బయటి వైపు ఉంటుంది. ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్ర పట్టదు. చెయ్యి పక్క నుంచి పైకి ఎత్తేటప్పుడు మధ్యలో, సుమారు 60 డిగ్రీల నుంచి 120 డిగ్రీల దాకా, బాగా నొచ్చి తర్వాత తగ్గుతుంది. వాళ్లు ఎత్తలేని చెయ్యిని మీరు నెమ్మదిగా పట్టుకుని ఎత్తితే పూర్తిగా పైకి వెళ్లిందా, కండరం సంగతి అనుకోవచ్చు. మీరు ఎత్తినా తలుపు గడియ వేసినట్టు ఆగిపోతే అది ఎక్కువగా బిగుసుకున్న భుజం, ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగర్ ఉన్నవారికి, థైరాయిడ్ ఉన్నవారికి ఎక్కువ వస్తుంది, దాని వైద్యం వేరు. నొప్పి మోచేయి దాటి వేళ్ల దాకా తిమ్మిరిగా పాకితే మెడ దగ్గర నరం చూపించుకోవాలి. వంగి కూర్చుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు మెడ నుంచి వచ్చే నొప్పి కూడా ఉంటుంది, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే ఈ పరీక్షలేవీ వద్దు, వెంటనే దవాఖానకు తీసుకుపోండి. అది గుండె కావచ్చు.

మా పక్కింటాయన సంగతి చెప్తాను. ఆయన అనుమతి తీసుకునే చెప్తున్నాను. 52 ఏళ్లు, సాంచా పని. ఎక్కడా పడలేదు, ఆరు వారాలుగా రాత్రుళ్లు నొప్పి. నా గతి చూశాడు కాబట్టి వెంటనే వెళ్లాడు. డాక్టరు చేత్తోనే పరీక్షించి, ఎక్స్‌రే తీయించి (ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, టెండన్ కనిపించదు), ఒక అల్ట్రాసౌండ్ చేయించి, కొద్దిపాటి చిరుగే, వ్యాయామం చాలన్నారు. ఫిజియోథెరపిస్టు ఒక్క రోజు కూర్చోబెట్టి నేర్పించింది. ముందుకు వంగి చెయ్యి లోలకంలా వదిలి ఊపడం. కర్ర రెండు చేతులతో పట్టుకుని మంచి చేత్తో చెడ్డ చెయ్యిని పైకి తోయడం. గోడ మీద వేళ్లతో ఎక్కడం. కొన్ని వారాలయ్యాక, తలుపు గడియకు పాత సైకిల్ ట్యూబు కట్టి, మోచేయి నడుముకు ఆనించి, చంకలో మడత పెట్టిన తువ్వాలు ఉంచి, ముంజేతిని బయటికి లాగడం. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఫరవాలేదు, ఆ రాత్రి నొప్పి పెరిగితే మర్నాడు తగ్గించాలి. పడుకున్నప్పుడు చెయ్యి కింద చిన్న దిండు. ఇక బీము ఒక్కడే ఎత్తడు, ఇంకొకరిని పిలుస్తాడు. అతని కూతురు ఈ సభలోనే కూర్చుని ఉంది. గోడ క్యాలెండరు మీద రోజూ రెండు పూటలా టిక్కు పెట్టేది ఆ అమ్మాయే. మూడు నెలల్లో మూడు రోజులే ఖాళీ ఉన్నాయి. మా బ్యాంకు లెడ్జర్లు కూడా అంత శుభ్రంగా ఉండేవి కావు! ఆయన ఇప్పుడు నిద్రపోతున్నాడు, పనికి పోతున్నాడు.

ఒక్క రోజు నేర్చుకుంటే సరిపోతుందా అని నాకూ అనుమానం వచ్చింది. 2021లో బ్రిటన్‌లో 708 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితం వచ్చింది. కొందరికి ఒక్కసారి బాగా వివరించి ఇంట్లో చేసుకోమన్నారు, కొందరికి ఆరు సార్ల దాకా పిలిచి దగ్గరుండి చేయించారు. ఏడాది తర్వాత చూస్తే ఇద్దరికీ తేడా లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ కూడా ఏడాది చివర తేడా లేదు. ఇంజెక్షన్ కొన్ని వారాల నొప్పికి పనికొస్తుంది. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజులు షుగర్ పెంచుతుంది, మాటిమాటికీ తీసుకోకూడదు. దెబ్బ తగలకుండా పూర్తి మందం చిరిగినవారి సంగతి 2013లో అమెరికాలో చూశారు. 452 మందికి ముందు వ్యాయామమే చెప్తే, రెండేళ్లలో ఆపరేషన్‌కు వెళ్లినవారు నాలుగో వంతు కూడా లేరు. డబ్బు లేనివాడికి దొరికే తక్కువ రకం వైద్యం ఇది అనుకోకండి. చాలామందికి మొదట చేయాల్సిన వైద్యమే ఇది.

అయితే నా బోటి కేసు వేరు. పడ్డాక, బరువు లాగాక, చెయ్యి ఒక్కసారిగా లేవకుండా పోతే, నొప్పి తగ్గినా తగ్గకపోయినా, రోజుల్లోనే ఎముకల డాక్టరుకు చూపించాలి. అలాంటి చిరుగును కుట్టాల్సి వస్తే త్వరగా కుట్టడమే మేలు. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి జోలెలో, బరువు పనికి సుమారు ఆరు నెలలు. పొగ తాగేవారికి, షుగర్ అదుపులో లేనివారికి కుట్టు సరిగ్గా అతకదు. పని ఎన్నాళ్లు పోతుందో ముందే అడిగి, ఇంట్లో లెక్క వేసుకుని ఒప్పుకోండి. నాకు ఆ అవకాశం ఎనిమిది నెలల్లో దాటిపోయింది. బామ్‌లకు, కట్లకు, మాత్రలకు, కడుపు మంట మందులకు కలిపి 11,400 రూపాయలు అయ్యాయి, రశీదులు ఉన్నాయి. మొదటి వారంలో డాక్టరు ఫీజు 500 ఉండేది.

ఇక మీ భుజాల మాట. మీ వయసులో కఫ్ తెగడం అరుదు, కానీ సెలవుల్లో రోజంతా బౌలింగ్ చేస్తే భుజం నొచ్చుతుంది. ఎదిగే పిల్లల్లో ఎముక పెరిగే చోటే దెబ్బ తినవచ్చు. నొప్పి ఉండగా మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడకూడదు. అనిల్ కుంబ్లే 2001లో భుజానికి ఆపరేషన్ చేయించుకుని చాలా కాలం జట్టుకు దూరంగా ఉన్నాడు. 2008లో రిటైరయ్యేనాటికి అతని టెస్టు వికెట్లు 619. అంత పెద్ద ఆటగాడే చెయ్యి బాగుపడేదాకా ఆగాడు కదా, మన కాలేజీ టోర్నమెంటు ఒక వారం ఆగదా?

భోజనాలకు పిలుస్తున్నారు. నేను ఇంటి దగ్గర్నుంచి సైకిల్ ట్యూబు ముక్కలు 20 కోసి తెచ్చాను. భోజనాలయ్యాక ఆ చివరి కిటికీ దగ్గర కూర్చుంటాను. నొప్పి ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోండి. చూపించుకుని వ్యాయామం చేయమన్నవారు ఎవరైనా ఉంటే ఒక ముక్క తీసుకుని, ఎలా లాగాలో చూసి వెళ్లండి. కుడి చెయ్యితో నేను సరిగ్గా చూపించలేను, ఎడమ చెయ్యితో చూపిస్తాను.