టైల్స్ వేసే ముందు నేల మట్టం చూసుకోండి

ఇంట్లో టైల్స్ వేయించాలనుకున్నప్పుడు రంగు కోసం, డిజైను కోసం తెనాలి, గుంటూరు షాపులన్నీ తిరుగుతాం. ఆ టైలు కూర్చోబోయే కాంక్రీట్ బెడ్‌ను మాత్రం వంగి చూడం. ఈరోజు ఆ బెడ్ గురించే మాట్లాడుకుందాం.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే, ఎందుకలా ఉందో ముందు తేల్చుకోవాలి. పోసిన రోజు బద్ద సరిగా లాగకపోతే అది పైపై లోపం, సరిచేయడం తేలిక. పోసినప్పుడు బాగానే ఉండి తర్వాత కుంగిందంటే లోపం అడుగున ఉంది. తెనాలి చుట్టుపక్కల నల్లరేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. బాపట్ల ఇసుక నేలకు ఆ గుణం లేదు. అయినా బేస్‌మట్టంలో నింపిన బుసకను అరడుగు చొప్పున పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టకపోతే అక్కడా నేల దిగుతుంది. రేపల్లె వైపు ఏటి ఒడ్డున, సముద్రం దగ్గర ఊళ్ళలో చెమ్మ, ఉప్పు రెండూ ఉంటాయి. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు వచ్చింది. ఆ నీళ్ళలో నానిన ఇళ్ళ నేలలు పైకి ఆరినట్టు కనిపించినా, అడుగున మట్టి జారి ఉండొచ్చు.

అందుకని గడ్డపార మొనతో కాకుండా వెనక వైపుతో గదంతా మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినచోట సుద్దతో గీత గీయండి. అక్కడ బెడ్ పగలగొట్టి, అడుగు నింపి, మళ్ళీ పోయాల్సిందే. ఆ తర్వాత చెమ్మ చూడాలి. మూరెడు ప్లాస్టిక్ కవరు నేలమీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. కవరు అడుగున నీటి బొట్లు కనిపించినా, నేల నల్లబడినా ఇంకా టైల్స్ వేసే వేళ కాలేదని అర్థం. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఇది మరీ ముఖ్యం. కిందనుంచి ఊరే నీటిని టైలు ఆపలేదు. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

ఇక మట్టం. నీళ్ళ ట్యూబుతో గోడల చుట్టూ ఒకే ఎత్తులో గుర్తులు పెట్టించండి. గుర్తు నుంచి గుర్తుకు దారం లాగి, నేలదాకా టేపుతో కొలవండి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది అప్పుడు తెలుస్తుంది. తలుపు రెక్క తిరగడానికి జాగా మిగులుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. రెండడుగుల టైల్స్ గమ్‌తో అతికించేట్టయితే, పదడుగుల బద్ద కింద సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఎత్తుగా ఉన్నచోట గ్రైండింగ్ చేయించాలి. పల్లం అర అంగుళం లోపుంటే మామూలు సిమెంటు మాలు పలచగా పూస్తే పెచ్చులు లేస్తుంది. అక్కడ సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమం వాడండి. అంతకు మించితే పాత నేలను చెక్కి, కడిగి, సిమెంటు పాలు పూసి, ఒకటికి నాలుగు పాళ్ళ మాలు వేయండి. రెండంగుళాలు దాటితే చిన్న కంకరతో కాంక్రీటే పోయాలి. వారం రోజులు తడపాలి, ఆ తర్వాత ఆరనివ్వాలి. బాత్‌రూములో, వరండాలో పూర్తి మట్టం పనికిరాదు. నీళ్ళు పోయేవైపు పదడుగులకు అంగుళం పైచిలుకు వాటం ఉండాలి.

చివరిగా ఒక్క మాట. టైల్స్ మేస్త్రికి కూలి చదరపు అడుగు లెక్కన ఇస్తాం. నేల సరిచేసే పనిని కూడా అందులోనే కలిపేస్తే, పల్లం ఉన్నచోట మాలు మందంగా వేసి టైలు పరచడం తప్ప అతనికి వేరే దారి ఉండదు. ఆ మందపు మాలు ఆరుతూ కుంగితే టైలు కింద డొల్ల పడుతుంది, బరువైన బీరువా పెట్టిన రోజున పగులుతుంది. కాబట్టి మట్టం పనికి విడిగా కూలి మాట్లాడండి, విడిగా రోజులు కేటాయించండి. ఆ పని పూర్తయ్యాక మీరే బద్ద వేసి చూసుకుని, అప్పుడు టైల్స్ పెట్టెలు తెరిపించండి.