ఆఫర్ లెటర్‌లో ఆ ఒక్క లైన్: గల్ఫ్ హోటల్లో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ జాబ్

లాల్‌దర్వాజ నుంచి మీ దోస్తుని. మా గల్లీలో ఎవరింటికి పోయినా గల్ఫ్‌లో ఒకరుంటారు. ఇయ్యాల మా ఇంటి ముచ్చటే చెప్తా.

మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, టెన్త్ తర్వాత ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడ్ చేసిండు. ఇక్కడి హోటళ్లల్లో ఏడేళ్లు పనిచేసి, దుబాయ్‌లో ఒక హోటల్‌కి మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా పోయిండు.

సూపర్‌వైజర్ అంటే పానా పట్టకుండా తిరిగే పని అనుకోకండి. రాత్రి రెండింటికి ఫోన్ వస్తది, రూమ్‌లో ఏసీ చల్లగా లేదని. అన్న మొదటి ప్రశ్న: ఒక్క రూమేనా, ఫ్లోర్ మొత్తమా? ఒక్క రూమైతే ఫిల్టరో, వాల్వో, థర్మోస్టాటో చూడాలె. ఫ్లోర్ మొత్తమైతే కిందికి, చిల్లర్ రూముకి ఉరకాలె. నేను ఆఫీసులో బగ్ పట్టిన పద్ధతి కూడా ఇదే, కాకపోతే నా చెమట ఇంత కారలేదు!

ఇంకోటి, వేడినీళ్ల ట్యాంకు. 60 డిగ్రీలకు తగ్గకుండా చూసి రోజూ లాగ్‌బుక్కులో రాయాలె. ఎందుకంటే గోరువెచ్చని నీళ్లల్లో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతది. 1976లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని ఒక పెద్ద హోటల్లో సభకు వచ్చినోళ్లకు ఇదే సోకి దాదాపు 30 మంది చనిపోయారు. అప్పుడది హోటల్ ఏసీ వ్యవస్థ నుంచి గాలిలో పాకింది. అదే ఏడాది ఆ హోటల్ మూతపడింది. అంటే, అన్న పెట్టే ఆ సంతకం ఉత్త సంతకం కాదు.

ఇగ అసలు సంగతి. అన్న జీతం నెలకు 4,000 దిర్హాములు. ఇంట్లో అందరం ఖుష్. లెటర్ నాకే పంపిండు, "నువ్వు బీటెక్ గదరా, జర చదువు" అని. నేను మొత్తం ఒక్కటే చూసి "సూపర్ అన్నా" అన్న. లోపల బేసిక్ 2,000, మిగతాది అలవెన్సులు. అది నేను చూడలేదు.

యూఏఈ చట్టంలో గ్రాట్యుటీ లెక్క బేసిక్ మీదనే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. ఐదేళ్లకు 105 రోజులు. 2,000 బేసిక్‌కి వచ్చేది 7,000 దిర్హాములు. అదే 4,000లో బేసిక్ 3,000 ఉంటే 10,500. పోయినేడు ఉద్యోగం వదిలి వచ్చినప్పుడు అన్న చేతికొచ్చింది 7,000. అన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చింది.

టెన్త్ పాసైనోళ్లకు ఈసీఆర్ లేని పాస్‌పోర్ట్ వస్తది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. మంచిదే, కానీ పోయేముందు మన కాగితం చూసే ఆఫీసర్ కూడా ఉండడు. ఏజెంట్ రిజిస్టరైనోడా కాదా అనేది ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు. మన దగ్గర ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి రండి. విజిట్ వీసా మీద పో, అక్కడ మారుద్దాం అన్నా అంతే.

ఇప్పుడు అన్నకు అబుదాబి నుంచి ఇంకో ఆఫర్ వచ్చింది. మొన్న ఆదివారం ఇద్దరం ఛాయ్ తాగుకుంట లైన్ లైన్ చదివినం. బేసిక్ మళ్లీ సగమే. పెంచమని మెయిల్ పెట్టినం. రిప్లై ఇంకా రాలేదు.